వరద పట్టా అడగదు, మరి సాయమెందుకు అడుగుతది?

ఒక చిన్న ముచ్చటతో మొదలుపెడతాం.

మేము పాఠాలు చెప్పే బడికి రుద్రారం చుట్టుపక్కల ఇటుక బట్టీల నుంచి, కంపెనీల వెనుక రేకుల షెడ్ల నుంచి పిల్లలు వస్తారు. అందులో కొందరికి తెలుగు సరిగా రాదు. ఒడిశా కొండ ప్రాంతాల నుంచి తల్లిదండ్రుల వెంట వచ్చినవాళ్ళు. పని ఉన్నన్నాళ్ళు ఉంటారు, బట్టీ ఆగగానే పోతారు. ఒకనాడు గోడ మీది పటంలో నదులు చూపిస్తున్నాం. మన నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి భద్రాచలం దాటి పాపికొండల నడుమ నుంచి సముద్రానికి పోతుంది అని చెప్పాం. ఒక ఒడిశా పిల్ల లేచి, వచ్చీరాని తెలుగులో అడిగింది: "సారూ, ఆ కొండలల్ల మనుషులుంటరా?"

"ఉంటరు బిడ్డా."

"మరి వాళ్ళు ఈ నీళ్ళే తాగుతరా?"

పిల్లలు నవ్విన్రు. మాకు నవ్వు రాలేదు. పైన పటాన్‌చెరు కంపెనీల మురికి, కింద పోలవరం ముంపు. నడుమ ఒకటే నది. రెండు చోట్లా నష్టం జరిగింది అభివృద్ధి పేరు మీదనే. రెండు చోట్లా దెబ్బ గట్టిగా తగిలింది భూమి లేనోళ్ళకే. రెండు చోట్లా సాయం మాత్రం భూమి కాగితం ఉన్నోళ్ళ ఇంటికే ముందు పోయింది. ఈ ఒక్క మాటనే మన వాళ్ళతో పంచుకోవాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

బావి దక్కింది, నీళ్ళు దక్కలేదు

మన మెదక్ జిల్లాను వెనుకబడిన జిల్లా అన్నారు. రాయితీలిచ్చి 1970ల నుంచి కంపెనీలను పిలిచారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, కాజిపల్లి - ఊరి పేరు చెప్తే పొగ గొట్టం గుర్తొచ్చే కాలం వచ్చింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే పార్లమెంటుకు గెలిచింది. మన జిల్లా పేరు ఢిల్లీ దాకా పోయింది. మందుల కంపెనీల మురికినీళ్ళు మాత్రం ఢిల్లీకి పోలేదు, మన నక్కవాగులకే వచ్చినయి.

మా తల్లులు పైకులాల బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరన్నా దయతలచి పోస్తే కడవ నింపుకున్నవాళ్ళు. 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్ చెరువుకు వేల మందిని వెంటబెట్టుకుని పోయి నీళ్ళు ముట్టిన సంగతి మనకు తెలుసు. ఆ కొట్లాట ఊరూరా జరిగి, మేము కూడా బావిలో చేద వేసే రోజు వచ్చింది. తీరా చేద పైకి లాగితే నీళ్ళు పచ్చగా, ఎర్రగా ఉన్నాయి, వాసన కొడుతున్నాయి. ఇప్పుడా బావికి అంటు లేదు. ఎవరన్నా తోడుకోవచ్చు. తాగేటందుకే పనికిరాదు.

1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. డాక్టర్ కిషన్‌రావు లాంటి పెద్దలు ఏండ్ల తరబడి దీని వెంటబడి కొట్లాడారు. ఆ కేసు కోర్టులు తిరిగి తిరిగి గ్రీన్ ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017 అయింది. ఇరవై ఏడేండ్లు! కేసు పడ్డనాడు పుట్టిన పిల్ల పెండ్లి చేసుకుని తల్లయిన కాలం. ఆ నడుమ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్ష చేసి, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. రోగమొస్తే డాక్టరు చీటీ రాసిచ్చే మందు అది. చీటీ లేకుండా వాగుకు తాగించారు.

కేసు పుణ్యాన వాగు పొంటి ఊళ్ళ రైతులకు ఎకరం లెక్కన నష్టపరిహారం వచ్చింది. తరికి ఒక రేటు, ఖుష్కికి ఒక రేటు. అది రావడం తప్పని మేము అనడం లేదు. అది కూడా కొట్లాడితేనే వచ్చింది. కానీ లెక్క ఎకరం మీద వేస్తే ఎకరం లేనోడు లెక్కలోకి రాడు. ఆ పొలాల్లో నాట్లు వేసిన ఆడోళ్ళ కైకిలి పోయింది. వాగులో చేపలు పట్టేవాళ్ళ వల ఎండింది. బట్టలుతికే చాకలోళ్ళ రేవు పోయింది. మా వాడలో గొడ్లకు గడ్డి కోసేది వాగు ఒడ్డునే. గడ్డి మాడింది.

మా చిన్నతనంలో మా ఇంటి బర్రె వాగు నీళ్ళు తాగి చచ్చింది. అదే మాకున్న ఆస్తి. కొన్నాళ్ళకు నష్టం రాసుకునేటందుకు ఒక సారు వాడకు వచ్చిండు. "భూమెంత?" అన్నడు. మా అమ్మ "లేదు సారూ, కైకిలి చేస్తం" అన్నది. ఆయన కలం మూసి జేబుల పెట్టుకున్నడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సారు మీద మాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో "భూమి ఎంత" అని గడి ఉన్నది. "కైకిలి ఎన్ని దినాలు పోయింది" అనే గడి లేదు. ఆ గడి ఎందుకు లేదు, ఫారం తయారు చేసినోళ్ళు ఎవరు అన్నదే అసలు ప్రశ్న.

కొండల్లో గీత

ఇప్పుడు అదే నీళ్ళ వెంట కిందికి పోదాం.

పోలవరం డ్యాం కింద లక్షకు పైగా కుటుంబాలు ఊళ్ళు వదలాలి. వాళ్ళలో దాదాపు సగం కోయలు, కొండరెడ్లు. వాళ్ళ పక్కనే మాల, మాదిగ పేటలు. 2014లో ఏడు మండలాల గ్రామాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మనుషులను అడిగి కలపలేదు. నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో చూసి కలిపారు.

పునరావాసానికి ఒక గీత గీశారు. డ్యాం పూర్తి మట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 మీటర్లు అన్నారు. ఆ 41.15 గీత లోపల ఉన్న ఊళ్ళు ముందు, గీతకు పైన ఉన్నవి తర్వాత. ఇంజనీరుకు ఆ గీత నక్షాలో కనిపిస్తది. గోదావరికి కనిపించదు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తర్వాత అంత ఎత్తు రావడం అదే. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, ఎటపాక మండలాల్లో గీత లోపలి ఊళ్ళూ మునిగాయి, గీత బయటి ఊళ్ళూ మునిగాయి. జనం పిల్లాజెల్లా, కోడీమేకా పట్టుకుని కొండలెక్కి పరదాల కింద రోజులు గడిపారు.

చూడండి ఎంత విచిత్రమో! జాబితాలో పేరున్నోనికీ, లేనోనికీ ఇల్లు ఒకే తీరుగా కూలింది. వరద సర్వే నంబరు అడగలేదు. కులం సర్టిఫికెట్ అడగలేదు. పట్టా పాసుబుక్కు అడగలేదు. నీళ్ళు తీసినంక వచ్చిన సాయమే అవన్నీ అడిగింది. పంట నష్టం పట్టాదారుకు. కౌలుకు చేసినోనికి ఏమీ లేదు. ఆ చేనులో కూలికి పోయే మాదిగ ఆడమనిషికి అసలు నష్టమే జరగనట్టు!

చెట్ల లెక్క, మనుషుల లెక్క

కొండల్లో ఇంకో రకం అభివృద్ధి ఉంది. అది పచ్చగా కనిపిస్తది. అందుకే దాని మీద నోరెత్తడం కష్టం.

ఏదో ఒక ప్రాజెక్టు కోసం అడవి మునుగుతుంది, లేదా నరుకుతారు. 1980 అటవీ సంరక్షణ చట్టం కింద పోయిన అడవికి బదులు ఇంకోచోట చెట్లు పెంచాలి. వినడానికి న్యాయమే. ఆ "ఇంకోచోటు" ఎక్కడ? చాలా చోట్ల అది పోడు కొట్టుకుని బతికే పేదోని చేను. 1990లలో ప్రపంచబ్యాంకు డబ్బుతో వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడూ ఇదే పేచీ. 2015లో హరితహారం మొదలైన తర్వాతా ఇదే పేచీ. పోడు చేనులో కందకం తవ్వి మొక్క నాటితే, ఇన్ని హెక్టార్ల అడవి పెరిగిందని రాసుకుంటారు. ఆ చేను మీద బతికే ఇంట్లో ఎన్ని ముద్దలు తగ్గినయో రాసుకునే రిజిస్టరు లేదు. దొర అడవిని అమ్ముకున్నప్పుడు అడవి తరగలేదు, పేదోడు రెండెకరాలు దున్నితేనే తరిగిందట.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. కొట్లాడి తెచ్చుకున్న చట్టం. అందులో ఆదివాసులకు ఒక లెక్క, ఇతరులకు ఒక లెక్క. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే ఆదివాసికి హక్కు. ఆదివాసి కానివాళ్ళు, అంటే అడవి అంచు ఊళ్ళ మాల మాదిగలు కూడా, మూడు తరాలు, అంటే డెబ్బై ఐదేండ్ల నుంచి అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. డెబ్బై ఐదేండ్ల కింద మా తాతలు ఎక్కడున్నారు? దొర దగ్గర జీతముండి, వెట్టి చేస్తున్నారు. వెట్టివానికి కాగితం ఎవడు రాసిచ్చిండు? 2023 జూన్‌లో తెలంగాణ సర్కారు లక్షా యాభై ఒక్క వేల మంది గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చింది. మంచిదే. సంతోషమే. అదే అడవి అంచున పోడు చేసే దళితులు మాత్రం ఇంకా దరఖాస్తు చేతిల పట్టుకొనే ఉన్నారు.

ఇక్కడ ఒక మాట తెగేసి చెప్పాలి. దీన్ని సాకుగా చూపి ఆదివాసుల మీదికి మనలను ఉసిగొల్పేవాళ్ళు ఉంటారు. ఏజెన్సీలో ఆదివాసి భూమికి కాపలా ఉన్న 1/70 చట్టం జోలికి మనం పోవద్దు. అది వాళ్ళ ఊపిరి. మన హక్కు మనకు కావాలె, వాళ్ళ హక్కులో నుంచి కోసి కాదు.

కొండోళ్ళ నుంచి మనం నేర్చుకోవలసింది కూడా ఉంది. విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గనుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: ఏజెన్సీలో సర్కారు భూమినైనా సరే ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వరాదు అని. 2013లో మా బడి పిల్ల రాష్ట్రం ఒడిశాలోనే, నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అని కోర్టు ఆదేశంతో పన్నెండు పల్లెల సభలను అడిగారు. పన్నెండుకు పన్నెండూ "వద్దు" అన్నాయి. చదువు రాని మనుషులు ఒకచోట కూర్చుని ఒక మాట మీద నిలబడితే ఎంత పెద్ద కంపెనీ అయినా ఆగిపోయింది. గ్రామసభకు ఆ బలం ఉంది. మనం ఆ బలాన్ని సంతకాల పుస్తకం చేసి ఇంట్లో దాచుకున్నాం.

ఒకే వారం, రెండు రేట్లు

కేరళ కొండల్లో మున్నార్ దగ్గర పెట్టిముడి అనే చోటు ఉంది. టీ తోటల కూలీలు అక్కడ వరుస గదుల్లో ఉంటారు. ఎక్కువమంది తమిళ దళితులు. తరాల కింద తోటల పనికి కొండెక్కిన కుటుంబాలు. తరాలు గడిచినా గది కంపెనీదే, భూమి కంపెనీదే. 2020 ఆగస్టు 6 రాత్రి కొండ విరిగి ఆ గదుల మీద పడింది. 70 మంది చనిపోయారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. సంగతి బయటికి పొక్కేసరికి తెల్లవారింది.

మరునాడు రాత్రి అదే రాష్ట్రంలో కోజికోడ్ విమానాశ్రయంలో విమానం జారిపడింది. ఆ చావులూ ఘోరమే, ఆ కుటుంబాల ఏడుపూ ఏడుపే. కానీ సర్కారు ప్రకటన వినండి: విమానంలో పోయినవాళ్ళకు పది లక్షలు, కొండ కింద పోయినవాళ్ళకు ఐదు లక్షలు. ఎందుకు సగం? దానికి ఏ చట్టంలో జవాబుంది? మనువు రాసిన పుస్తకంలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

మన గడప ముందు

కేరళ దాకా ఎందుకు? 2025 జూన్ 30 పొద్దున మన పక్కన పాశమైలారంలో సిగాచి కంపెనీ పేలింది. 54 ప్రాణాలు పోయాయి. మన వాళ్ళూ ఉన్నారు, బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందులో ఎనిమిది మంది ఆనవాళ్ళే దొరకలేదు. డీఎన్ఏ పరీక్షల కోసం తల్లులు, భార్యలు రోజుల తరబడి కూర్చున్నారు. చనిపోయిన వారికి కోటి రూపాయల చొప్పున అని ప్రకటన వచ్చింది. శవం దొరకని ఇల్లాలు తన మనిషి పోయిండని ఏ కాగితంతో రుజువు చేయాలె? గేటు లోపల ఆ పూట ఎవరెవరున్నరో రాసుకున్న పుస్తకం ఆమె చేతిలో ఉండదు గదా.

దూరపు కూలీల పేర్లు నమోదు చేయాలని, వాళ్ళకు పాసుబుక్కు ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు. ఆ చట్టాన్ని ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు. మా బడి చుట్టూ ఉన్న షెడ్లలో అడగండి, అట్లాంటి పాసుబుక్కు చూసినోళ్ళు ఎందరు దొరుకుతరో.

అభివృద్ధి వద్దంటున్నామా?

ఇది చదివి ఎవరన్నా అంటరు: "కంపెనీలు లేకుంటే మీ పిల్లలకు నౌకరీలు ఏడివి? పాత పల్లెకే పోతరా?" మంచి ప్రశ్నే. జవాబు కూడా సూటిగా చెప్తాం. పోము. దొర గడీ ముందు చెప్పులు చేతిల పట్టుకుని నడిచిన పల్లెకు మేము పోము. కంపెనీ గేటు తెరిస్తేనే మా అన్నలు జీతగాని బతుకు నుంచి బయటపడ్డారు. మేము డిగ్రీ చదివి బడిపంతుళ్ళమైంది కూడా ఆ కూలి పైసలతోనే. పొగ గొట్టాన్ని తిట్టి పచ్చని పల్లెను పొగిడే కవిత్వం మాకు అచ్చిరాదు. ఆ పచ్చదనంలో మా చెమట ఉంది, వాటా లేదు.

మేము అడిగేది వేరు. అభివృద్ధిలో లాభం లెక్క రాసినట్టే నష్టం లెక్క కూడా నిజంగా రాయండి. నష్టాన్ని భూమితో కొలవకండి, బతుకుతో కొలవండి. ఎవని చెయ్యి పని పోగొట్టుకున్నదో, ఎవని గుడిసె కూలిందో, ఎవని మనిషి తిరిగి రాలేదో వాని పేరు ముందు రాయండి. పట్టా ఉన్నదా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2013 భూసేకరణ చట్టంలోనే ఉంది: భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేండ్ల నుంచి ఆ ఊళ్ళో కూలి చేసో కౌలు చేసో దాని మీదనే బతికే కుటుంబం కూడా నష్టపోయిన కుటుంబమే. భూమి పోగొట్టుకున్న ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి గాని రెండున్నర ఎకరాలు గాని, ఏది తక్కువైతే అది ఇవ్వాలని కూడా అదే చట్టంలో ఉంది. అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ ధర ఇవ్వాలని 2004లో చేవెళ్ల కేసులో ధర్మాసనం చెప్పింది. మన దగ్గర జహీరాబాద్ నిమ్జ్ భూముల విషయంలో 123 జీవో భూమి లేనోళ్ళను వదిలేసిందని కోర్టుకు పోయింది ఎవరు? వ్యవసాయ కూలీలే. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. తర్వాత సర్కారు వేరే దారులు వెతుక్కున్నది. అయినా కూలోడు కోర్టు మెట్లెక్కి సర్కారు కాగితాన్ని చింపించిన సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పాలె.

ఇప్పుడు చేయవలసిన పని

ఆపద వచ్చినంక జాబితా రాస్తే అది వాళ్ళ జాబితా అవుతది. ఆపద రాకముందే రాస్తే అది మన జాబితా అవుతది. అందుకే వాడవాడకు ఒక రిజిస్టరు పెడదాం. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు.

ఒకటి: వాడలో ప్రతి ఇంటి పేరు, మనుషులు, గుడిసె, గొడ్డు, మేక రాయాలె. ఎవరి చేనులో ఎన్నేండ్ల నుంచి కూలికో కౌలుకో పోతున్నరో రాయాలె. పక్క ఇంటోళ్ళ సంతకాలో వేలిముద్రలో పెట్టించాలె.

రెండు: కంపెనీకి పోయే ప్రతి మనిషిది గేటు పాసు జిరాక్సు, కాంట్రాక్టరు పేరు, ఏ షిఫ్టు అన్నది రాయాలె. షెడ్లలో ఉండే ఒడిశా, బీహార్ వాళ్ళ పేర్లు, వాళ్ళ ఊళ్ళో ఎవరికి ఫోను చేయాలో కూడా రాయాలె. వాళ్ళు పరాయోళ్ళు కాదు. వాళ్ళకు వాడ లేదు గనుక మన వాడే వాళ్ళ వాడ.

మూడు: అడవి అంచు ఊళ్ళ మన వాళ్ళు వృద్ధుల మాట రాయించి పెట్టుకోవాలె. అటవీ హక్కుల నియమాల్లో పెద్దమనుషుల వాంగ్మూలం కూడా రుజువే. ముసలోళ్ళు పోకముందే రాయండి. వాళ్ళతోనే డెబ్బై ఐదేండ్లు పోతయి.

నాలుగు: ఆ రిజిస్టరును గ్రామసభలో బిగ్గరగా చదివించి, తీర్మానం చేయించి, ఒక నకలు మండల ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలె. రసీదు లేకుండా తిరిగి రావద్దు.

చదువుకున్న పిల్లలు ప్రతి వాడలో ఉన్నారు. డిగ్రీ ఫెయిలయ్యి ఇంటికాడ ఉన్నోడు కూడా ఈ పనికి పాసే. ఒక్క ఆదివారం చాలు ఒక వాడకు.

మా అమ్మ ఇప్పుడు ముసలిదైంది. మేము ఈ రిజిస్టరు మొదలుపెట్టి మొదటి పేజీ ఆమె ముందే తెరిచాం. పేరు రాశాం, కైకిలి ఎన్నేండ్లో రాశాం. ఆమె అడిగింది: "బర్రె రాసినవా బిడ్డా?" ముప్పై ఏండ్లు దాటింది ఆ బర్రె చచ్చి. అయినా ఒక గడి గీసి రాశాం.

ఆ ఒడిశా పిల్ల బట్టీ ఆగగానే వెళ్ళిపోయింది. పేరు రిజిస్టరులో ఉంది, తండ్రి పేరు, కొండ పేరు కూడా ఉన్నయి. మళ్ళీ బట్టీ రాజుకుంటే వస్తది. వచ్చేనాటికి మీ వాడ రిజిస్టరు కూడా తెరవండి.

జై భీమ్!